హిస్టరీ క్లబ్ నడపడం ఎలా? ఉపన్యాసం, శాసన పఠనం, కోట నడక, పెద్దల మాటల రికార్డింగు: వరుసగా అన్ని మెట్లూ

"మా డిపార్ట్‌మెంట్‌లో హిస్టరీ క్లబ్ పెడదామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని హన్మకొండ, కరీంనగర్, మంచిర్యాల వైపు విద్యార్థులు అడుగుతూనే ఉన్నారు. పెట్టడం కష్టమేం కాదు. బ్యానర్ కట్టి, ఒక పెద్దమనిషిని పిలిచి, శాలువా కప్పి, గ్రూప్ ఫొటో దిగితే క్లబ్ పెట్టినట్టే. రెండో సెమిస్టర్ వచ్చేసరికి అది ఉందో లేదో ఎవరికీ తెలియదు. అందుకే ఇక్కడ ప్రారంభోత్సవం గురించి ఏమీ రాయలేదు. ఆ తర్వాత ప్రతి పదిహేను రోజులకూ చెయ్యాల్సిన పని గురించే ఇదంతా.

ఉదాహరణలు వరంగల్, దాని చుట్టుపక్కల జిల్లాలవి. మీది వేరే ఊరైతే గుడి పేరు, చెరువు పేరు మార్చుకోండి.

## 1. మనుషులు, గది, కాగితం

పని చేసేవాళ్ళు ఐదుగురు చాలు. ఒకరు వక్తలతో మాట్లాడాలి, ఒకరు గది, మైకు చూసుకోవాలి, ఒకరు రాతపని, ఒకరు డబ్బు, ఒకరు బయటి నడకలు. ప్రెసిడెంట్, సెక్రటరీ లాంటి పదవులు మొదటి ఏడాది పెట్టకండి. పదవి పేరు రాసిన రోజు నుంచే ఎవరి పేరు పైన, ఎవరిది కింద అనే లెక్క మొదలవుతుంది. ఎంఏ రెండేళ్ళే కాబట్టి ఐదుగురిలో ఇద్దరైనా మొదటి సంవత్సరం వాళ్ళు ఉండాలి.

విభాగాధిపతికి ఒక పేజీ ఉత్తరం ఇవ్వండి. క్లబ్ పేరు, బాధ్యత తీసుకునే అధ్యాపకులు, ఏ వారం ఏ రోజు, ఏ గది, ఈ సెమిస్టర్‌లో అనుకుంటున్న కార్యక్రమాలు అందులో ఉండాలి. ఇన్‌వర్డ్ నంబరు వేయించుకున్న కాపీ మీ దగ్గర పెట్టుకోండి. "సార్ సరే అన్నారు" అన్న మాటతో తలుపు తెరుచుకోదు. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో, సాయంత్రం వాళ్ళు ఎన్నింటికి వెళ్ళిపోతారో ముందే కనుక్కోండి.

వేళ విషయంలో హాస్టల్ వాళ్ళను కాదు, బస్సు పట్టాల్సినవాళ్ళను చూడండి. పరకాల, నర్సంపేట, ములుగు వెళ్ళే పిల్లలు సాయంత్రం 5 దాటితే గడియారమే చూస్తుంటారు. మధ్యాహ్నం 2:30కు మొదలుపెట్టి 4 లోపు ముగిస్తే అందరూ చివరిదాకా ఉంటారు.

తేదీలు వేసేటప్పుడు తప్పించాల్సినవి:

- ఇంటర్నల్ పరీక్షలకు ముందు వారం
- బతుకమ్మ, దసరా సెలవులకు ముందు రెండు రోజులు (హాస్టల్ అప్పటికే ఖాళీ)
- రెండేళ్ళకోసారి వచ్చే మేడారం జాతర వారం. ములుగు దారిలో బస్సు దొరకదు, దొరికినా కదలదు
- మార్చి దాటాక పగటి నడకలు

పనికొచ్చే తేదీలూ కొన్ని ఉన్నాయి. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9, ప్రపంచ వారసత్వ వారం నవంబర్ 19 నుంచి 25, ప్రపంచ వారసత్వ దినం ఏప్రిల్ 18. ఆ రోజుల్లో డిపార్ట్‌మెంట్ ఎలాగూ ఏదో ఒకటి చేస్తుంది కాబట్టి హాలు, మైకు తేలికగా దొరుకుతాయి.

## 2. ప్రశ్న ముందు, వక్త తర్వాత

క్లబ్బులు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. "ఫలానా సార్ వస్తానన్నారు, టాపిక్ ఆయన ఇష్టం" అంటే ఆయన తనకు కంఠతా వచ్చినదే చెబుతారు, మీరు చప్పట్లు కొడతారు, అయిపోతుంది. ముందు మీకు నిజంగా జవాబు తెలియని ప్రశ్న ఒకటి రాసుకోండి. దానికి జవాబు వెతకడంలో ఎవరు సాయపడగలరో ఆ తర్వాత చూడండి.

"కాకతీయుల వైభవం" అన్నది ప్రశ్న కాదు, ఫ్లెక్సీ మీద రాసే మాట. ఇవి ప్రశ్నలు:

- బయ్యారం చెరువు శాసనంలో గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ చెరువు సంగతితో ఆగకుండా కాకతీయుల వంశావళి ఎందుకు చెక్కించింది?
- పాకాల చెరువు ఆయకట్టులో నీళ్ళ వంతులు ఇప్పుడు ఎవరు, ఎలా పంచుతున్నారు? పాత పద్ధతిలో ఎంత మిగిలింది?
- 1934లో ఆజంజాహీ బట్టల మిల్లు వచ్చాక వరంగల్‌లో ఏయే వాడలు కొత్తగా పుట్టాయి?
- కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద పంప కవి తమ్ముడు జినవల్లభుడు ఒకే శాసనాన్ని సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటిలో ఎందుకు వేయించాడు?

ప్రశ్న బాగుందో లేదో చూసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. దానికి జవాబు ఏ ఆధారంలో దొరుకుతుందో మీరు వేలు పెట్టి చూపించగలగాలి: ఫలానా రాయి, ఫలానా రిజిస్టర్, ఫలానా మనిషి. చూపించలేకపోతే ఆ ప్రశ్నను ఇంకా చిన్నది చెయ్యండి.

సెమిస్టర్‌కు ఆరు ప్రశ్నలు చాలు. వారానికో కార్యక్రమం పెట్టే క్లబ్ మూడో నెలలో అలిసిపోతుంది.

## 3. ఉపన్యాసం

వక్త. ప్రొఫెసర్లే కానక్కర్లేదు. చెరువుల గురించైతే తూము తెరిచి పొలాలకు నీళ్ళు పారించిన నీరటికాడు మీ హాలులో ఎవరికన్నా ఎక్కువ చెప్పగలడు. అయితే ఆయన్ని గంట ఉపన్యాసం ఇమ్మనకండి. ఒక విద్యార్థి పక్కన కూర్చుని ప్రశ్నలు అడగాలి. మత్తడి (అలుగు) ఎప్పుడు పోస్తుంది, చివరి పొలానికి నీళ్ళు చేరకపోతే పంచాయితీ ఎవరు తీరుస్తారు, తన కూలి గింజల్లో వచ్చేదా డబ్బుల్లోనా అని అడిగితే మాట దానంతటదే సాగుతుంది. హన్మకొండలో 1904 నుంచి ఉన్న శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం లాంటి గ్రంథాలయాల్లో ఏళ్ళుగా కూర్చుని చదివే పెద్దలు కూడా మంచి వక్తలే. వాళ్ళను ఎవరూ పిలవరు, అంతే.

పిలుపు. మూడు వారాల ముందు ఫోన్, తర్వాత ఉత్తరం. ఉత్తరంలో మీ ప్రశ్న ఏమిటో, వినేవాళ్ళు ఎవరో (ఎంఏ పిల్లలా, డిగ్రీ వాళ్ళా), మాట్లాడాల్సిన సమయం ఎంతో, రాకపోకల ఖర్చు ఎవరిదో, రికార్డు చేస్తారో లేదో స్పష్టంగా రాయాలి. ఖర్చు సంగతి మొహమాటపడి దాచకండి. ఇవ్వలేకపోతే ఇవ్వలేమనే రాయండి. చాలామంది అయినా వస్తారు.

రెండు రోజుల ముందు. రాబోయే అంశం మీద ఒకే ఒక్క పేజీ అందరికీ పంపండి. ఒక మ్యాపు, ఒక శాసనభాగం లేదా పాత ఫొటో, కింద మూడు ప్రశ్నలు. రెండో పేజీ ఎవరూ చదవరు.

ఆ రోజు వరుస.

1. గంట ముందు మైకు, ప్రొజెక్టర్, ఫ్యాన్లు, తాగే నీళ్ళు చూసుకోవాలి. వక్త పెన్‌డ్రైవ్ తెస్తే ఫైల్ అప్పుడే తెరిచి చూడాలి. తెలుగు ఫాంట్ లేక అక్షరాలు డబ్బాలుగా కనపడేది సరిగ్గా మొదలయ్యేటప్పుడే.
2. వక్త పరిచయం రెండు నిమిషాలు. బిరుదులన్నీ చదవకండి, ఈ ప్రశ్నకు ఆయన్నే ఎందుకు పిలిచారో చెప్పండి.
3. ప్రసంగం 40 నిమిషాలు. 35 కాగానే ముందు వరుసలోంచి ఒకరు చీటీ అందించాలి. ఈ సంగతి వక్తకు ముందే తెలిసుండాలి.
4. ప్రశ్నలకు 30 నిమిషాలు. మొదటి ప్రశ్న అడగడానికి ఒకరిని ముందే సిద్ధం చెయ్యండి. ఆ ఒక్కటి పడితే తక్కినవి వాటంతటవే వస్తాయి. మైకు పట్టుకుని అడగడానికి సిగ్గుపడేవాళ్ళ కోసం చీటీలు పంచండి.
5. చాయ్ చివర్లో. మధ్యలో ఇస్తే సగం మంది గ్లాసుతో పాటే బయటికి వెళ్ళిపోతారు.

శాలువాలు, మెమెంటోలు, వేదిక మీద తొమ్మిది కుర్చీలు: ఇవి ఎంత తగ్గిస్తే అంత మంచిది. వేదిక మీద కూర్చున్న ప్రతివారూ "రెండు ముక్కలు" మాట్లాడతారు. ఆ ముక్కలు కలిపితే వక్త సమయం పోతుంది.

వక్త రాకపోతే? ప్రతి కార్యక్రమానికీ ఒక విద్యార్థి పదిహేను నిమిషాల మాట సిద్ధంగా పెట్టుకోవాలి. వక్త వచ్చినా ఆ మాట వృథా కాదు, తర్వాతి కార్యక్రమంలో వాడుకోవచ్చు.

## 4. విద్యార్థి ప్రసంగాలు

పద్ధతి సులువు: పదిహేను నిమిషాలు, ఒకే ఆధారం. ఒక నాణెం, ఒక కాగితం, ఒక ఫొటో, ఒక స్తంభం. "శాతవాహనులు" అనే అంశం ఇవ్వకండి. కోటిలింగాలలో దొరికిన నాణేల్లో ఒక్కదాన్ని తీసుకుని దాని మీద ఏముందో, దాన్నిబట్టి ఏం చెప్పగలమో, ఏం చెప్పలేమో మాట్లాడమనండి. "ఏం చెప్పలేమో" అన్న భాగం తప్పనిసరి చెయ్యండి. దాంతో స్లైడ్లు చూసి చదవడం సగం తగ్గుతుంది, ఎందుకంటే ఆ భాగం ఎక్కడా కాపీ కొట్టడానికి దొరకదు.

## 5. శాసన పఠనం

నన్నడిగితే హిస్టరీ క్లబ్ చెయ్యగల పనుల్లో ఇదే అన్నిటికన్నా విలువైనది. దీనికి వక్త అక్కర్లేదు, హాలు అక్కర్లేదు. వేయిస్తంభాల గుడి ఆవరణలోనే దాన్ని కట్టించిన కాకతీయ రాజు రుద్రదేవుడి శాసనం నిలబడి ఉంది. రోజూ ఎంతోమంది దాని పక్కనుంచి నడిచి వెళ్ళి నంది దగ్గర సెల్ఫీ తీసుకుంటారు.

5.1 అక్షరాలు నేర్చుకోవడం. పాత లిపి చూడగానే భయం వేస్తుంది. దానికి మంచి దారి, మీకు ముందే నోటికొచ్చిన వాక్యాన్ని రాతి మీద పట్టుకోవడం. దానశాసనాల చివర తరచుగా ఈ శ్లోకం ఉంటుంది:

స్వదత్తాం పరదత్తాం వా యో హరేత వసుంధరామ్
షష్టిం వర్షసహస్రాణి విష్ఠాయాం జాయతే క్రిమిః

తానిచ్చిన భూమినైనా, ఇతరులిచ్చిన భూమినైనా లాక్కున్నవాడు అరవై వేల ఏళ్ళు మలంలో పురుగై పుడతాడని శాపం. దీన్ని కంఠతా పట్టండి. అచ్చయిన శాసన సంపుటాల్లోంచి ఈ శ్లోకం ఉన్న శాసనపు ఫొటో ఒకటి తీసుకుని, చివరి పంక్తుల నుంచి పైకి చదవండి. ఏ అక్షరం ఏదో మీకు ముందే తెలుసు కాబట్టి స, వ, ద, ర, హ, ష రూపాలు ఒక మధ్యాహ్నంలో పట్టుబడతాయి. వాటితో మీ సొంత అక్షరపట్టిక చార్టు మీద గీసుకోండి. తర్వాత మొదటి పంక్తిలో "స్వస్తి", "శ్రీ", "శక" కోసం వెతకండి. ఈ పట్టిక ఉన్నాక మధ్యలో తెలియని అక్షరాలు ఊహకు అందుతాయి.

శాసనం తెలుగు లిపిలో ఉన్నంత మాత్రాన భాష తెలుగనుకోకండి. రుద్రదేవుడి శాసనంలో ఎక్కువ భాగం సంస్కృతం. అర్థం కోసం సంస్కృతం, తెలుగు శాఖల వాళ్ళను పిలవండి. పక్క డిపార్ట్‌మెంట్‌తో కలిసి పనిచేయడానికి ఇంతకన్నా మంచి సాకు దొరకదు.

5.2 తేదీ లెక్క. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం. మాఘం, ఫాల్గుణం లాంటి ఏడాది చివరి మాసాలైతే జనవరి దాటిపోతుంది కాబట్టి 79 కలపాలి. రెండు శాసనాలతో సాధన చెయ్యండి.

- వేయిస్తంభాల గుడి: శక 1084, చిత్రభాను, మాఘం. 1084 + 79 = 1163. ఇక్కడ 78 కలిపి 1162 అని రాసేవాళ్ళు ఎక్కువ.
- రామప్ప: శక 1135, శ్రీముఖ, చైత్రం. 1135 + 78 = 1213.

సరిచూసుకోవడానికి సంవత్సరం పేరు ఉండనే ఉంది. ఆ పేరు మళ్ళీ 60 ఏళ్ళకు వస్తుంది. మనకు తెలిసిన శ్రీముఖ 1993 ఉగాదికి మొదలైంది. 1993 నుంచి పదమూడు అరవైలు, అంటే 780 తీసేస్తే 1213. చిత్రభాను 2002 ఉగాదికి మొదలైంది. పద్నాలుగు అరవైలు 840 తీసేస్తే 1162 ఉగాది, దాని మాఘం 1163 జనవరిలో. రెండు దారుల్లోనూ ఒకే జవాబు వస్తే మీ లెక్క సరైనట్టు. రాకపోతే సంవత్సరం పేరో అంకెలో తప్పు చదివారు, మళ్ళీ రాయి దగ్గరికి వెళ్ళండి.

5.3 ఫొటో. మిట్టమధ్యాహ్నం తీసిన శాసనం ఫొటోలో అక్షరాలుండవు. వెలుతురు పక్కనుంచి పడాలి. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వెళ్ళండి. నీడలో ఉన్న రాయికి, ఒకరు ఫోన్ టార్చ్‌ను రాతికి దాదాపు ఆనించినట్టు పక్కన పట్టుకుంటే ఇంకొకరు ఎదురుగా నిలబడి తియ్యాలి. టార్చ్ ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి. ఎడమ వెలుతురులో కనపడని గీత కుడి వెలుతురులో కనపడుతుంది.

వరుస ఇది: రాయి, చుట్టూ ఉన్న స్థలం కలిపి ఒకటి, రాయి మొత్తం ఒకటి, పక్కన స్కేలు పెట్టి ఒకటి, ఆ తర్వాత ఒక్కో పంక్తిని ముక్కలుగా, ప్రతి ముక్కలోనూ వెనకటి ముక్క చివరి రెండక్షరాలు వచ్చేలా. రెండు, మూడు వైపుల రాత ఉన్న రాళ్ళుంటాయి, వెనక్కి తిరిగి చూడడం మరిచిపోకండి.

5.4 చెయ్యకూడనివి.

- సుద్దముక్కతో అక్షరాలు నింపడం, పసుపు, సున్నం, పిండి, నూనె పుయ్యడం
- నాచును చాకుతో, ఇనుప బ్రష్‌తో గీకడం
- రక్షిత కట్టడాల్లో కాగితం, సిరాతో సొంతంగా అచ్చు తియ్యడం (అనుమతి తీసుకుని, పురావస్తు శాఖ సిబ్బంది సమక్షంలో చూసి నేర్చుకోవచ్చు)
- పొలంలో దొరికిన శిల్పమో నాణెమో క్లబ్ గదికి తీసుకురావడం

చివరిది గట్టిగా చెప్పాలి. కొత్తగా ఏదైనా కనబడితే ఉన్నచోటే ఫొటో తీసి, పొలం ఆసామికి చెప్పి, తహసీల్దారు ఆఫీసుకో రాష్ట్ర వారసత్వ శాఖకో తెలియజేయండి. భూమిలో దొరికిన నిధినిక్షేపాల మీద 1878 నాటి చట్టం ఇప్పటికీ ఉంది, పది రూపాయలకు మించిన విలువైనదైతే కలెక్టరుకు తెలపాలి. మంచి ఉద్దేశంతో తెచ్చినా చిక్కే. పైగా ఉన్నచోటు నుంచి కదిలిన రాయి సగం సమాచారం పోగొట్టుకున్నట్టే.

## 6. కోట నడక

నడకకు కూడా ఒకే ప్రశ్న. ఓరుగల్లు కోటకైతే ఇది బాగా పనిచేస్తుంది: "బయటి నుంచి వచ్చే సైన్యం కోట మధ్యలో ఉన్న స్వయంభూ గుడి దాకా చేరాలంటే ఎన్ని అడ్డంకులు దాటాలి?" మట్టికోట బయటి కందకం దగ్గర మొదలుపెట్టి ఒక్కో అడ్డంకినీ పిల్లలతోనే లెక్కపెట్టించండి. కందకం, మట్టికట్ట, మళ్ళీ కందకం, రాతిగోడ, బురుజులు. రాతికోట దర్వాజా దగ్గర ఆగి, దారి తిన్నగా ఎందుకు లేదని అడగండి. లోపలికి వచ్చేవాడు మలుపు తిరగాలి, తిరిగేటప్పుడు పైనున్నవాళ్ళకు దొరికిపోతాడు. ఒకరిని కింద, ఇద్దరిని పైన నిలబెడితే వివరణే అక్కర్లేదు. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ ముట్టడి, 1323లో ఉలుగ్ ఖాన్ (తర్వాతి మహమ్మద్ బిన్ తుగ్లక్) చేతిలో కోట పడిపోవడం అక్కడ నిలబడి చెబితే తరగతి గదిలో చెప్పినట్టుండదు.

స్వయంభూ గుడి చుట్టూ ఉన్న నాలుగు రాతి తోరణాల మధ్య కనీసం అరగంట కేటాయించండి. నాలుగూ ఒకేలా ఉన్నాయా, కింద పడి ఉన్న శకలాలు గుడిలో ఏ భాగానివి? ఇవి చూసి గీసుకోవాల్సినవి, వినాల్సినవి కావు. తర్వాత ఖుష్‌మహల్. దాని పేరు తుగ్లక్‌ల తర్వాత చాలాకాలానికి ఓరుగల్లును ఏలిన సితాబ్ ఖాన్‌తో ముడిపడి ఉంది, వాలుగా ఉన్న గోడలు మాత్రం తుగ్లక్ కాలపు కట్టడాలను గుర్తుచేస్తాయి. పేరు ఒక మాట చెబుతుంటే కట్టడం ఇంకో మాట చెబుతున్నప్పుడు దేన్ని నమ్మాలి? మీరు జవాబు చెప్పెయ్యకండి. అక్కడే కూర్చోబెట్టి రెండు జట్లుగా వాదించమనండి.

సొరంగం గురించి ఎవరో ఒకరు తప్పక అడుగుతారు, వేయిస్తంభాల గుడి నుంచి కోట దాకా ఉందట కదా అని. నవ్వి తోసెయ్యొద్దు. "ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు, ఎక్కడ రాశారు" అని మూడు ప్రశ్నలు వేసి, విన్న కథలన్నీ ఒక పేజీలో రాసుకోమనండి. కథ ఎలా పుట్టిందన్నదీ చరిత్రే.

నడకకు ముందు:

- కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో ఫోన్‌తో ఫొటోలు తీసుకోవచ్చు. కెమెరా స్టాండుకు, డ్రోనుకు ముందస్తు అనుమతి కావాలి
- గుంపు 25 మందికి మించకూడదు. మించితే వెనకవాళ్ళకు వినపడదు, వాళ్ళ కబుర్లు ముందువాళ్ళకు వినపడతాయి
- ఉదయం 6:30కు మొదలు, 9:30కు ముగింపు
- మనిషికో లీటరు నీళ్ళు, టోపీ, చెప్పులు కాకుండా బూట్లు, నోట్‌బుక్, పెన్సిల్
- ఆడపిల్లల కోసం బాత్‌రూమ్ ఎక్కడుందో ముందే వెళ్ళి చూసి రావాలి. దీన్ని మరిచిపోయే క్లబ్బులే ఎక్కువ
- దారి మొత్తం ఇద్దరు ముందురోజు నడిచి రావాలి

కోట లోపల ఊరుంది, ఇళ్ళున్నాయి, పొలాలున్నాయి. ఒకరి వాకిట్లో నిలబడి మైకు పెట్టి మాట్లాడకండి.

రామప్ప వెళ్ళేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. ఎలాగూ బస్సు మాట్లాడుకున్నాం కదా అని లక్నవరం, బొగత కూడా కలుపుతారు. అప్పుడది పిక్నిక్. పిక్నిక్ తప్పు కాదు, దానికి వేరే రోజు పెట్టుకోండి. రామప్పతో కలపాలనుకుంటే ఘనపురం కోటగుళ్ళు కలపండి. రామప్పలో గుడి లోపలికి వెళ్ళకముందే శాసనం రాయి దగ్గర పావుగంట ఆగండి. ఎవరు కట్టించారన్నదానికి జవాబు, రేచర్ల రుద్రుడి పేరు, ఆ రాతి మీదే ఉంది.

## 7. పెద్దల మాటలు రికార్డు చెయ్యడం

ఆజంజాహీ మిల్లులో పనిచేసినవాళ్ళు వరంగల్‌లో ఇంకా ఉన్నారు. మిల్లు 2002లో మూతపడింది కాబట్టి వాళ్ళలో చాలామంది ఇప్పుడు డెబ్భైల్లో, ఎనభైల్లో ఉంటారు. ఈ పనిని వచ్చే ఏడాదికి వాయిదా వెయ్యకండి.

మొదటిసారి రికార్డర్ లేకుండా వెళ్ళండి. చాయ్ తాగి, ఎందుకొచ్చారో చెప్పి, మళ్ళీ ఎప్పుడు రమ్మంటారో అడిగి వచ్చెయ్యండి. రెండోసారి ఇద్దరే వెళ్ళాలి, ఒకరు అడగడానికి, ఒకరు రాసుకోవడానికి. మాట మొదలయ్యేముందు అనుమతి అడిగి, ఆ అడగడాన్నీ ఒప్పుకోవడాన్నీ కూడా రికార్డులో ఉంచండి. ఏ భాగం బయటికి రాకూడదంటే ఆ భాగం రాకూడదు.

"మీ అనుభవాలు చెప్పండి" అంటే ఎవరైనా "ఏం చెప్పాలె బిడ్డా, కష్టపడ్డం" అని ఊరుకుంటారు. చిన్నవి అడగండి, వాళ్ళ మాటలోనే అడగండి:

"బాపూ, నైట్ షిఫ్ట్ అయినంక ఇంటికి ఎట్ల వచ్చేటోళ్ళు?"
"మొదటి జీతం ఎంత? ఎవల చేతికి ఇచ్చిండ్రు?"
"అమ్మా, ఆయన డ్యూటీకి పోయినంక సద్ది ఎవరు తీస్కపోయేది?"

ఇంట్లో ఆడవాళ్ళను విడిగా, వాళ్ళకు వీలున్న వేళ అడగండి. భర్త పక్కనుంటే జవాబులన్నీ ఆయనే చెప్పేస్తారు. జీతం చీటీలు, గుర్తింపు కార్డులు, యూనియన్ రసీదులు చూపిస్తే అక్కడే ఫొటో తీసి అక్కడే తిరిగిచ్చెయ్యండి. అసలు కాగితం "రెండు రోజుల్లో తెస్తాం" అని తీసుకెళ్ళారంటే ఆ వాడలో మళ్ళీ ఎవరూ తలుపు తియ్యరు.

ఏళ్ళు గుర్తులేనప్పుడు అంకె కోసం ఒత్తిడి చెయ్యకండి. పోలీస్ యాక్షన్ (1948 సెప్టెంబర్), 1969 ఉద్యమం, ఎమర్జెన్సీ లాంటి గుర్తులు పెట్టి, దానికి ముందా తర్వాతా, అప్పటికి పెళ్ళయిందా అని అడిగితే ఏడాది దగ్గరికి వస్తుంది.

రజాకార్ల కాలం, సాయుధ పోరాటం గురించి అడిగేటప్పుడు నోట్‌బుక్‌లో రెండు నిలువు గడులు గీసుకోండి: "చూసింది", "విన్నది". కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య చనిపోయాడు, బైరాన్‌పల్లిలో 1948 ఆగస్టు 27న ఊచకోత జరిగింది. అప్పటికి పదేళ్ళున్నవాళ్ళు ఇప్పుడు తొంభైకి చేరువలో ఉంటారు. తక్కినవాళ్ళు చెప్పేది అమ్మానాన్నల దగ్గర విన్నది. అది తక్కువ విలువైనదేం కాదు, కానీ వేరే రకం ఆధారం. రెండూ కలిపి రాస్తే తర్వాత ఎవరూ విడదీయలేరు.

నిజాం కాలం కాగితాల్లో ఏడాది ఫసలీలో (అప్పటి రెవెన్యూ సంవత్సరం) ఉంటుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు 590, జనవరి నుంచి 591 కలుపుకోండి. జాగీర్ల రద్దు చట్టం 1358 ఫసలీ, అంటే 1949.

## 8. రాతపని

కార్యక్రమం అయిన 48 గంటల్లో ఒక పేజీ. తేదీ, ప్రశ్న, వక్త చెప్పిన మూడు ముఖ్యమైన సంగతులు, వాటికి ఆయన చూపించిన ఆధారాలు, జవాబు దొరకని ప్రశ్నలు. "సభ విజయవంతంగా ముగిసింది" అనే వాక్యం ఎక్కడా ఉండకూడదు. జవాబు దొరకని ప్రశ్నల్లోంచే తర్వాతి కార్యక్రమం పుడుతుంది.

ఫైళ్ళ పేర్లు తేదీతో మొదలవ్వాలి, తర్వాత ఊరు, తర్వాత విషయం. "కొత్తది", "ఫైనల్", "ఫైనల్ 2" అని పెట్టిన ఫైళ్ళు రెండేళ్ళ తర్వాత ఎవరికీ పనికిరావు. ఒక కాపీ డిపార్ట్‌మెంట్ కంప్యూటర్లో, ఒకటి బయటి హార్డ్‌డిస్క్‌లో, ఒకటి క్లబ్ పేరున తెరిచిన ఆన్‌లైన్ ఖాతాలో. ఎవరి సొంత ఖాతాలోనూ పెట్టకండి. కోర్సు అయిపోయి వాళ్ళు వెళ్ళిపోతే పాస్‌వర్డు కూడా వెళ్ళిపోతుంది.

డబ్బుకు వందపేజీల నోట్‌బుక్ ఒకటి చాలు. ప్రతి ఖర్చు పక్కన ఇద్దరి సంతకాలు, బిల్లు అంటించి.

## 9. మామూలుగా వచ్చే ఇబ్బందులు

ఏడుగురే వచ్చారు. హాలు వద్దు, కుర్చీలు గుండ్రంగా వేసుకోండి. వక్త కూడా కూర్చునే మాట్లాడాలి. ఏడుగురితో శాసన పఠనం అద్భుతంగా సాగుతుంది. హాజరు కోసం సర్టిఫికెట్లు ఆశచూపితే గది నిండుతుంది, ప్రశ్నలు మాత్రం రావు.

కులం, మతం, పార్టీ మీద గొడవ మొదలైంది. నిర్వహించేవాళ్ళ చేతిలో ఒకే ఒక్క మాట ఉండాలి: "ఆ మాటకు ఆధారం ఏది?" ఇరువైపులా ఒకేలా అడగాలి. ఆధారం లేకపోతే చీటీ మీద రాసి వచ్చే కార్యక్రమానికి తెమ్మనాలి.

సెప్టెంబర్ 17 ఏ పేరుతో జరపాలి? విమోచనమా, విలీనమా, సమైక్యతా అని కమిటీలో ఓట్లు వేసుకోకండి. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ మీదికి కదలడం, 17న నిజాం లొంగిపోవడం, 18న సైన్యాధికారి జె.ఎన్. చౌధురి పాలన బాధ్యత తీసుకోవడం తేదీలవారీగా గోడ మీద పెట్టండి. ఒక్కో తేదీ కింద అప్పటి పత్రికలో ఏం రాశారో, మీ ఊళ్ళో పెద్దలు ఏం చెప్పారో అతికించండి. పేరు ఎవరికి నచ్చింది వాళ్ళు పెట్టుకుంటారు.

వక్త తప్పు తేదీ చెప్పారు. సభలో ఖండించకండి. ప్రశ్నల సమయంలో "సార్, శాసనంలో మాఘం అని ఉంది కదా, 1163 అవ్వాలేమో, ఒకసారి చెప్తారా?" అని అడగండి. రిపోర్టులో సరైన తేదీ రాసి, ముందు ఆయనకే పంపండి.

నడక రోజు వాన. గుడి మండపంలో ఆగగలిగితే ఆగండి. కోటలో తడిసిన రాతిమెట్లు, బురుజులు ఎక్కనివ్వకండి. ఏకశిల గుట్ట ఆ రోజు అసలే వద్దు.

సీనియర్లు వెళ్ళిపోయారు, క్లబ్ ఆగిపోయింది. అప్పగింతలు పరీక్షలయ్యాక కాదు, ఫిబ్రవరిలోనే జరగాలి. మార్చిలో జరిగే చివరి కార్యక్రమాన్ని పూర్తిగా మొదటి సంవత్సరం వాళ్ళు నడపాలి, సీనియర్లు కింద కుర్చీల్లో కూర్చోవాలి. అప్పగించాల్సినవి:

- రిపోర్టుల ఫైలు, లెక్కల నోట్‌బుక్
- ఆన్‌లైన్ ఖాతా పాస్‌వర్డు, హార్డ్‌డిస్క్
- వక్తల పట్టిక: ఎవరు ఏ అంశం బాగా చెబుతారు, ఎవరికి ఎంత ముందు చెప్పాలి
- అనుమతి ఉత్తరాల కాపీలు, ఏ ఆఫీసులో ఏ టేబుల్ దగ్గరికి వెళ్ళాలో
- అక్షరపట్టిక చార్టు
- జవాబు దొరకని ప్రశ్నల జాబితా
- గది తాళంచెవి, లేదా అది ఎవరి దగ్గర ఉంటుందో ఆ సంగతి